నిలిచిన గోడ

సాంబయ్య గురువును ప్రశ్న అడగబోయేవాళ్లు ముందు తమ కాళ్లకు చెప్పులున్నాయో లేదో చూసుకునేవాళ్లు. ఆయన కూర్చోబెట్టి జవాబు చెప్పే రకం కాదు. అడిగింది చివరిదాకా వింటాడు, మోకాళ్ల మీద చేతులాన్చి లేస్తాడు, "నడు" అంటాడు. ఆ నడక ఒక్కోసారి వీధి చివర సైకిల్ రిపేరు దుకాణం దగ్గరే ఆగిపోతుంది, ఒక్కోసారి రెండు మైళ్లు సాగుతుంది. అందుకే ఎండాకాలంలో ఆయన శిష్యులకు సందేహాలు తక్కువ. తునికిగుట్ట బొగ్గుగనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ముప్పయ్యేళ్లు చేసి రిటైరైన మనిషి ఆయన. మఠం లేదు, పీఠం లేదు. మూతబడిన గని పక్కన రెండు గదుల క్వార్టరు, ఆదివారం పూట చాప మీద ఓ పదిమంది, అంతే.

ఆ పదిమందిలో స్వరూప ఒకతె. పట్నంలో తాగుడు మాన్పించే కేంద్రాన్ని ఎనిమిదేళ్లుగా నడుపుతోంది. ఆదివారాలు ఆమె గోడవార కూర్చుని వినడమే తప్ప నోరు విప్పేది కాదు. అలాంటిది ఒక గురువారం పొద్దున్నే వచ్చి, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా, "నిలవని పని ఎందుకు చెయ్యాలి గురువుగారూ?" అని అడిగింది.

సంగతి ఇది. ఓదేలు అనే వెల్డరు ఆమె కేంద్రంలో ఐదుసార్లు చేరాడు. ఐదుసార్లూ తాగుడు మానాడు, ఐదుసార్లూ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అరవై మూడు రోజులు చుక్క ముట్టలేదు. స్వరూప తన గదిలోని క్యాలెండరు మీద ఒక్కో రోజునూ ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ, ఇక గట్టెక్కాడనే అనుకుంది. మొన్న మంగళవారం బస్టాండు వెనక మట్టిలో పడి దొరికాడు. నిన్న సాయంత్రం అతని భార్య కొమురమ్మ ఫోన్ చేసి, "రేపొద్దుగాల కాదు, ఎల్లుండి తోల్కొస్త మేడం, ఇంకొక్కసారి జూడుండ్రి" అని ఏడ్చింది. స్వరూప ఔననలేదు, కాదనలేదు. లోపల మాత్రం కాదనే అనుకుంది. కేంద్రంలో ఉన్నవి ఎనిమిదే మంచాలు. ఆ మంచమేదో నిలబడేవాడికిస్తే ఒక ఇల్లన్నా బాగుపడుతుంది కదా అని ఆమె వాదన. వాదనలో తప్పేమీ లేదు.

గురువు విన్నాడు, లేచాడు. "నడు బిడ్డా" అన్నాడు.

గుట్ట వెనక పాత ట్రాలీ దారి పట్టుకుని నడిచారు. పట్టాలు ఎప్పుడో మాయమైపోయాయి, కట్ట మాత్రం మిగిలింది. సర్కారు తుమ్మలు రెండు పక్కలా కమ్ముకుని చీర కొంగు పట్టుకుని లాగుతుంటే, ఈయన నన్నెక్కడికి తీసుకుపోతున్నాడని స్వరూప రెండుసార్లు మనసులో విసుక్కుంది. మలుపు తిరిగాక ఆగిపోయింది. పొదల కింద వరుసగా ఇటుక గుమ్మటాలు. ఒకదానికొకటి భుజం ఆనించి కూర్చున్నట్టు ఇరవై ఎనిమిది ఉన్నాయి. ఒక్కోదానికి ముందు మనిషి వంగి దూరేంత నోరు, నెత్తిన గుండ్రటి రంధ్రం. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడికి నాలుగు మైళ్ల దూరంలోనే. నలభై రెండేళ్లలో ఒక్కరూ వీటి మాట చెప్పలేదు.

"కోకు బట్టీలు" అన్నాడు గురువు. "మా నాయిన కాలంల ఇక్కడ బొగ్గును కాల్చి, ఇంకింత వేడిచ్చే కోకు చేసేటోళ్లు, ఇనుము కరిగించే కార్ఖానాల కోసం. ఇప్పుడు సగం ఇటుకలు మా కాలనీ ఇండ్లల్లనే ఉన్నయి. నా గడప ముందటి మెట్టు గూడ ఇక్కడిదే." చెప్పి, దొంగతనం ఒప్పుకున్నవాడిలా కాస్త నవ్వాడు.

స్వరూప ఒకదానిలోకి వంగి దూరింది. మేకల వాసన. వానొస్తే కాపరులు మందను ఇక్కడే నిలుపుతారని నేల చెబుతోంది. తడిమి చూస్తే లోపలి ఇటుకలు గాజులా నున్నగా ఉన్నాయి. ఎన్నేళ్లు ఎంత వేడిని తాగితే ఇటుక అలా కరిగి మెరుస్తుందో ఆమె ఊహకందలేదు. పై రంధ్రంలోంచి ఆకాశం ముక్క, దానికడ్డంగా ఒక రావి వేరు కనిపించాయి. ఒక్కో బట్టీలోకీ తొంగిచూస్తూ వరుస వెంట నడిచింది. ఇంటి నుంచి మోసుకొచ్చిన కోపం కొంతసేపు మరిచిపోయింది కూడా.

వరుసలో చివరి బట్టీ వేరుగా ఉంది. మిగతావన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటే, దీని నోటికి అడ్డంగా ఇటుక గోడ నిలబడి ఉంది. దాని మీద మట్టి పూత ఇప్పటికీ పట్టుకునే ఉంది. గోడ పైభాగంలో అరచెయ్యి పట్టేంత కంత, ఇక్కడివాళ్ల మాటలో పొక్క. గోడంతా పసుపు, కుంకుమ బొట్లు. పక్కన తుమ్మకొమ్మలకు వందల కొద్దీ పసుపు దారాలు. ఒక మేకుకు పొడుగాటి కర్ర వేలాడుతోంది, దాని చివర ఇత్తడి గరిటె కట్టి ఉంది.

స్వరూపకు అప్పుడు గుర్తొచ్చింది. కేంద్రానికొచ్చే ఆడవాళ్లు నుదుట బూడిద పెట్టుకుని, 'నిలిచిన తల్లి విబూది మేడం' అని చెప్పేవాళ్లు. అది ఏదో గుడి అనుకుంది. మొగుడు తాగనని ఒట్టేస్తే ఆ ఒట్టు నిలవాలని, ఎన్ని వానలొచ్చినా కూలని ఈ గోడకు వచ్చి దారం కట్టిపోతున్నారన్న మాట. ఆ దారాల్లో కొమురమ్మ కట్టింది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. స్వరూప గోడకు ఇంకా దగ్గరగా వెళ్లింది. తను ఎనిమిదేళ్లుగా చేయలేకపోయినదాన్ని ఈ మట్టి గోడ చేసి చూపిస్తోంది. ఆమెకు తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

"నా చెడిన పనికి దండం పెడుతున్నవా బిడ్డా?"

వెనక ఒక ముసలమ్మ, రెండు మేకలు. ఎనభై దాటిన మనిషి, నడుం వంగినా కళ్లు చురుకు. గురువు "రా లచ్చక్కా, నీ కోసమే చూస్తున్న" అన్నాడు. పొద్దెక్కే వేళకు ఆమె మేకలతో ఇటే వస్తుందని ఆయనకు తెలుసు. పడి ఉన్న ఇటుక మీద చతికిలబడి, ఎవరూ అడగకముందే మొదలుపెట్టింది లచ్చవ్వ. వినేవాళ్లు దొరక్క చాలా రోజులైనట్టుంది.

"ఈ గోడ నేనూ మా ఇంటాయన దుర్గయ్యా కట్టినం. ఆయన ఇటుక పెట్టేది, నేను మట్టి పూసేది. ఇదొక్కటే గాదు, ఇరవై ఎనిమిదింటికీ మేమే. నెత్తి మీది నుంచి బొగ్గు పోస్తరు. మేము నోరు మూసి, గాలికి గా పొక్కంత తొవ్వ ఇడుస్తం. మూడు దినాలు లోపల కాలుతది. మూడో దినం ఇగ గాలి తగలకుండ పొక్క గూడ మూసి, ఆనంక గోడ పగలగొట్టి, నీళ్లు జల్లి, కోకు గుంజుతరు. మళ్ల బొగ్గు, మళ్ల గోడ."

"మీరు కట్టిన గోడ ప్రతి మూడు రోజులకూ పగలగొట్టేవాళ్లా?" అంది స్వరూప.

"పగలగొట్టకుంటె కోకు ఎట్లొస్తది?" లచ్చవ్వ ఈమెకేమన్నా మతి పోయిందా అన్నట్టు చూసింది. "పగలగొట్టెటోళ్లు గూడ తడవు చేసేది లేదు. ఎందుకంటె లోపల అగ్గి పెట్టేది ఉండదు బిడ్డా. పాత వేడితోటే కొత్త బొగ్గు అంటుకోవాలె. బట్టి సల్లారిందనుకో, మళ్ల కాకకు తెచ్చేటాళ్లకు పది దినాలు పడుతది. మా మేస్త్రీ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్ల ఉన్నయి."

"మరి ఈ గోడ?"

ముసలమ్మ మేకను పక్కకు తోలి చెప్పింది. ఈ గోడ కట్టిన మూడో రోజున, పొక్క మూయడానికి మట్టి కలుపుతుంటే సైరన్ కూత వేశారట. అందరినీ గేటు దగ్గరికి పిలిచి, పని ఇక ఆగిపోయింది, ఇళ్లకు పొమ్మన్నారట. దుర్గయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. ఒక్క బట్టీ ఉంది, ఒక్క పూట పని, కూలీ కూడా వద్దు, పొక్క మూసి కోకు గుంజి పోతామన్నాడు. లోపలికి రానివ్వలేదు.

"గుట్ట మీద నిలబడి చూసినం. గా పొక్కల నుంచి గాలి పోతనే ఉంది. వారం దినాలు పొగొచ్చింది. ఆనంక పొగ పోయి ఎర్రగ కనవడ్డది. ఆనంక అదీ లేదు. అంత బొగ్గూ కాలి బూడిదైంది. మా ఆయన సచ్చేదాంక ఈ తొవ్వ తొక్కలే." చేత్తో ముక్కు తుడుచుకుని, దారాల వైపు చూసి ఒక్కసారిగా మండిపడింది. "వీళ్లకు ఎన్నిసార్లని జెప్పాలె? మేము కట్టిన గోడలు వేలకు వేలు. పగిలిన గోడ పగిలినట్టే కోకిచ్చింది. ఇగో, గీదొక్కటి నిలిచింది. ఏమున్నది లోపల? గరిటెతోని తీసుకపోయి మొఖానికి రాసుకుంటున్నరు!"

స్వరూప గరిటె కర్ర అందుకుని పొక్కలోంచి లోపలికి దించింది. కొంచెం బూడిద వచ్చింది. అరచేతిలో వేసుకుంటే బరువే లేదు, గాలికి సగం ఎగిరిపోయింది. ఈలోగా గురువు పక్క బట్టీ ముందు చేతికర్రతో మట్టి గీకి, పిడికిలంత ముక్క ఒకటి తీశాడు. బూడిద రంగులో, తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉంది. ఇటుక మీద తడితే కంచులా ఖంగుమంది. దాన్ని స్వరూప రెండో చేతిలో పెట్టాడు.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. ట్రాలీ కట్ట దిగాక గురువు, "ఆ ఓదేలు ఎన్ని దినాలు తాగకుండ ఉన్నడన్నవు?" అని అడిగాడు.

"అరవై మూడు."

"అన్ని దినాలు ఏం జేసిండు?"

అదేం ప్రశ్న అనుకుంటూనే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. షాపు తెరిచాడు. ఇంటికి రేకులు మార్చాడు. కూతుర్ని నర్సింగులో చేర్పించడానికి తనే కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. యాభయ్యో రోజున వాళ్లమ్మ పోయింది. పోయేముందు కొడుకు చేతి నీళ్లే తాగింది. తొమ్మిదేళ్లుగా ఆ ముసలిది కొడుకును దగ్గరికి రానిచ్చింది లేదు. కుండ పట్టుకుని పాడె ముందు తూలకుండా నడిచాడు. "నేనూ వెళ్లాను. వాడి వెనకే నడిచాను" అంది స్వరూప. రోడ్డు పక్కన నిలబడి, చేతిలోని కోకు ముక్కను పట్టుకునే, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అరవై మూడు రోజులనూ తన చేత్తోనే క్యాలెండరులో కొట్టేసి, వాటిలో ఏముందో ఒక్కసారన్నా చూసుకోనందుకు సిగ్గుపడింది.

కాసేపటికి తేరుకుని, బ్యాగులోంచి ఫోన్ తీసింది. "కొమురమ్మకు చెప్తాను గురువుగారూ. రేపు పొద్దున తీసుకురమ్మని."

సాంబయ్య గురువు అప్పటికే నాలుగడుగులు ముందుకు వెళ్లాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"రేపటిదాంక ఎందుకు బిడ్డా? బట్టి సల్లారుతది."