నలుగురిని అడిగిన ఎర్రమ్మ

"మా మల్లపరాజు కనిపెట్టిన పరపతి అంకెలో తప్పు పట్టగల మొనగాడెవడైనా ఉన్నాడా?" అని వీరకేతు మహారాజు నిండు సభలో సవాలు విసిరాడు.

కోశాధికారి మల్లపరాజు మీసం దువ్వుకున్నాడు. రాజ్యంలో ప్రతి మనిషికీ అతనో అంకె వేశాడు. ఎలా వేశాడో ఆ మీసానికే తెలియాలి! అంకె పెద్దదైతే షావుకార్లు అప్పిస్తారు, చిన్నదైతే మొహం మీదే తలుపేస్తారు. అప్పు అడిగిన మనిషి గురించి షావుకారు వచ్చి మల్లపరాజు గుమాస్తా దగ్గర వాకబు చేస్తే చాలు, అంకె ఓ మెట్టు దిగిపోతుంది.

అప్పుడే గానుగాడించుకునే ఎర్రమ్మ ఏడుస్తూ సభకొచ్చింది. ఆమె ఎద్దు చచ్చిపోయింది. కొత్త ఎద్దు కోసం, వడ్డీ ఎక్కడ తక్కువో చూద్దామని నలుగురు షావుకార్లను అడిగింది. నలుగురూ వాకబు చేశారు. అంకె నాలుగు మెట్లు దిగింది. అప్పు ఒక్కడూ ఇవ్వలేదు.

"గానుగ ఆగిపోయింది మారాజా! పిల్లలకి గంజి కూడా లేదు. నేనెన్నడూ ఎవరి బాకీ ఎగ్గొట్టలేదు."

"నలుగురి గుమ్మాలు తొక్కినదాన్ని నమ్మడమా? ఫో!" అని చీదరించుకున్నాడు మల్లపరాజు.

ఇదంతా విదూషకుడు చిట్టిభట్టు చూశాడు. సభ ముగిశాక మెల్లగా మల్లపరాజు పక్కన చేరాడు.

"వసంతోత్సవానికి తమరు ఈ పాత పల్లకీలోనేనా అయ్యా? సేనాపతిగారు దంతపు పల్లకీ చేయించుకుంటున్నారట!"

మల్లపరాజుకు ఒళ్లు మండింది. తనకూ దంతపు పల్లకీ కావాలని అప్పుకు బయల్దేరాడు. పిసినారి కదా, వడ్డీలో ఓ కాసు తగ్గకపోతుందా అని ఊళ్లో షావుకార్లందరినీ అడిగాడు.

మర్నాడు సభలో చిట్టిభట్టు లేచాడు. "మహారాజా, కోశాధికారిగారి అంకె ఎంతో చెప్పించండి."

మల్లపరాజు గుమాస్తా బిక్కుబిక్కుమంటూ చిట్టా విప్పాడు. "షావుకార్లందరూ వాకబు చేశారు ప్రభూ... ఎర్రమ్మ అంకె కంటే కిందికి పోయింది."

"అయ్యయ్యో! ఇలాంటివాడి చేతిలోనా ఖజానా తాళాలు?" అని చిట్టిభట్టు గుండెలు బాదుకున్నాడు.

మల్లపరాజు ఎగిరిపడ్డాడు. "ఇదేం అన్యాయం! ఎంతమందిని అడిగితేనేం, నేను కొనేది ఒక్క పల్లకీయేగా!"

చిట్టిభట్టు తాపీగా అన్నాడు:

"ఎర్రమ్మ మాత్రం గానుగకి నాలుగు ఎద్దుల్ని కడుతుందా అయ్యా?"

సభ గొల్లుమంది. మల్లపరాజు మీసం వేలాడిపోయింది. రాజు కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, ఒక అవసరానికి ఎందరిని అడిగినా ఒక్కసారి అడిగినట్టేనని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. ఎర్రమ్మకు బలమైన ఎద్దును ఇప్పించి, తన మెడలోని ముత్యాలహారం తీసి చిట్టిభట్టు మెడలో వేశాడు.