లింగవ్వ కోసిన రంపం తోక

కొండలు చిన్నపిల్లలుగా ఉన్న కాలం కాదిది. అవి కాస్త ఎదిగి, మీసాలు మొలిచిన కాలం. అప్పుడు ఇప్పలలొద్ది అనే ఊళ్ళో లింగవ్వ అనే కమ్మరామె ఉండేది. మొగుడు పోయాక తిత్తులు తనే ఊదింది, సుత్తి తనే పట్టింది. ఆమె సుత్తి ఎత్తితే మబ్బులు పక్కకు జరిగేవి. దించితే పక్క ఊళ్ళో కుండలు చిట్లేవి. ఈ మాట ఆ ఊరి కుమ్మరులే చెప్పారు, నేను కల్పించింది కాదు.

ఇప్పలలొద్ది అంతటికీ ఒకటే తుపాకి. ఆశన్న పటేలు తాతల నాటిది. మీట నొక్కితే చెకుముకి రాయి పట్టుకున్న 'గుర్రం' అనే ఇనుప కొక్కెం ఎగిరి ఉక్కు పలకను కొట్టేది, నిప్పు రాలేది, తుపాకి పేలేది. ఆ గుర్రాన్ని ఎగరగొట్టేది లోపల దాక్కున్న కమాను. గుర్రం ఎత్తితే వంగి, మీట నొక్కితే లేచే చిటికెన వేలంత ఉక్కు ముక్క. జొన్న గింజ పట్టిన రోజుల్లో పొద్దుగూకే వేళ పటేలు ఒక్కసారి పేల్చేవాడు. అడవిపందులు చేలవైపు తోక కూడా తిప్పేవి కావు.

రెండేళ్ళు వానల్లేక మూడో ఏట పై చేను, నడిమి చేను, కింది చేను మూడింటా జొన్న పండింది. అదీ పోతే ఊరు ఖాళీ చేసి వలస పోవలసిందే. సరిగ్గా అప్పుడే కమాను విరిగింది.

పటేలు తుపాకిని చంకన పెట్టుకుని కొలిమికి వచ్చాడు.

"ఏందే లింగవ్వా, ఇది నీతోని అయితదా?"

"కాకుంటే నా కొలిమిల నీళ్ళు పొయ్యి పటేలా."

లింగవ్వ తన ఇనుమంతా కుప్ప పోసింది. గట్టిది కావాలనుకుంది. ఇనుమును అరగదీసే ఆకురాయి కంటే గట్టిది ఏముంది? పాత ఆకురాయిని కాల్చింది, సాగగొట్టింది, వంచింది, మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచి మునుపటంత గట్టి చేసింది. కమాను తళతళలాడింది.

పొద్దుగూకింది. పందులు వచ్చాయి. పటేలు గుర్రం ఎత్తాడు. మీట దాకా వేలు పోనే లేదు. లోపల కమాను పటుక్కున విరిగింది. పందులు పై చేను మేసి, తేన్చి, వెళ్ళాయి.

తెల్లారి రంపపు కోత ఓదెలు కొలిమి ముందు నిలబడ్డాడు. అడవిలో టేకు మానులు కోసి పలకలు తీసేవాడు. నోరు అతని రంపం కన్నా పదును.

"మరదలా, కమాను చేసినవా, అప్పడం కాల్చినవా?"

"నీ పని నువ్వు చూస్కో బావా. ఈసారి విరగనిది చేస్త."

విరగని ఇనుమేది? రాళ్ళ మీద దొర్లి దొర్లి చెక్కుచెదరని బండి చక్రం పట్టా. దాన్ని తుంచింది, కాల్చింది, సాగగొట్టింది, వంచింది. కమాను నున్నగా తేలింది.

పొద్దుగూకింది. పందులు వచ్చాయి. పటేలు గుర్రం ఎత్తాడు. మీట నొక్కాడు. కమాను విరగలేదు, నిజమే. కానీ వంగింది వంగినట్టే పడుకుంది. గుర్రం ముసలావిడ గడప దాటినట్టు మెల్లగా వాలింది. నిప్పు లేదు, మోత లేదు. పందులు నడిమి చేను మేసి, అక్కడే ఓ కునుకు తీసి మరీ వెళ్ళాయి.

ఇక మిగిలింది కింది చేను ఒక్కటే. జనం మూటలు కట్టుకోవడం మొదలుపెట్టారు.

లింగవ్వ కొలిమి ఆర్పి అడవి దారిన కూర్చుంది. ఎదురుగా ఓదెలు మాను కోస్తున్నాడు. మాను కింద తవ్విన గొయ్యిలోంచి ఒకడు లాగుతున్నాడు, పైన ఓదెలు లాగుతున్నాడు. రంపం మానులో ఇరుక్కుంది. ఓదెలు బలమంతా పెట్టి గుంజాడు. రంపం విల్లులా వంగింది. వదిలాడు. జుయ్యిమని లేచి తిన్నగా నిలబడింది.

లింగవ్వ కూడా లేచింది.

"బావా, నీ రంపం కొసకున్న తోక జానెడు ఇయ్యి."

"నా రంపం తోకనా? నా ముక్కు కోస్కపో, ఇస్త. రంపం నా పెండ్లాం కంటె ముందొచ్చింది."

"వంగుతది, లేస్తది. గసొంటి ఉక్కు నా కొలిమిల లేదు బావా. గట్టిదొకటి, మెత్తదొకటి పెట్టి చూసిన. రెండు చేన్లు పోయినయి. రేపు ఊరే లేకుంటే నీ పలకలు ఎవనింటికి?"

ఓదెలు మాను మీంచి దిగాడు. రంపం తీసి ఆమె చేతిలో పెట్టాడు. లింగవ్వ దాన్ని వంచి వదిలింది. అది లేచిన ఊపుకి ఓదెలు తలపాగా ఎగిరి మద్దిచెట్టు కొమ్మకు చిక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది, పిట్టలు గూడు పెట్టుకున్నాయి.

రంపం తోక కోసింది. కాల్చింది, వంచింది, ఇప్పనూనెలో ముంచింది. మళ్ళీ సన్నని సెగ మీద నెమలి మెడ రంగు వచ్చేదాకా ఓపిక పట్టింది. ఈసారి తుపాకిలో పెట్టకముందే వంచి వదిలింది. లేచింది. మళ్ళీ వంచి వదిలింది. లేచింది. మూడోసారీ లేచింది.

పొద్దుగూకింది. పందులు వచ్చాయి. ముందున్నది ఏనుగంత, దాని కోరలు కొడవళ్ళంత. లింగవ్వ చేను గట్టు దిగి దానికి ఎదురుగా నిలబడింది.

"ఇటు రావే తల్లీ, చస్తవు," అన్నాడు పటేలు.

"నా కమాను లేవకుంటే అది ముందు నన్నే తొక్కనీ. నువ్వు పైకి పెట్టి పేల్చు పటేలా."

పంది ఉరికింది. పటేలు గుర్రం ఎత్తాడు. మీట నొక్కాడు.

ఆ మోతకు ఏడు కొండలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. ఏరు ఒక గడియ వెనక్కి పారింది. పంది లింగవ్వ చీర కొంగు దగ్గర గిర్రున తిరిగి, మందతో సహా ఏరు దాటి, పక్క రాజ్యం దాకా ఆగలేదు. కింది చేను గింజ ఊరికి తిండి అయింది, మరుసటి ఏటికి విత్తనమూ అయింది.

లింగవ్వ చాలా ఏళ్ళు బతికి పోయింది. పటేలు పోయాడు. తుపాకి గొట్టం తుప్పు తిని పోయింది. ఆమెకు ఎవరూ రాయి పాతలేదు, బొమ్మ చెక్కలేదు. పాడె లేచిన నాడు ఓదెలు మాత్రం తన కొత్త రంపం తోక జానెడు కోసి ఆమె గుండెల మీద పెట్టాడు.

అప్పటినుంచి ఆ ఊళ్ళో రంపం కొన్నవాళ్ళెవరూ తోకతో వాడరు. జానెడు కోసి ముందు కమ్మరికి ఇస్తారు. కమ్మరి దాన్ని బొటనవేలితో వంచి, "లింగవ్వా, లేస్తవా?" అని అడిగి వదులుతాడు. అది జుయ్యిమని లేస్తుంది. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా ఆమె తరఫున జవాబు చెబుతారు: "లేచిన, లేచిన, లేచిన."