ఒక్క మీటతో పూడిన కుంట

శిష్యులు అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు ఓబుళపతి మాస్టారికి లేదు. అనంతపురం వైపు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నీటివనరుల విభాగానికి ఆయన పెద్ద. ఏదైనా అడిగితే ఓ పని చెబుతారు. "ఆయన్ను అడగడం కన్నా గోడను అడగడం నయం, గోడ పని చెప్పదు" అని పిల్లలు చాటున నవ్వుకునేవారు. అయినా అడగడం మాత్రం మానేవారు కారు.

ఆ ఏడాది కుళ్ళాయప్ప అనే శిష్యుడు జీఐఎస్ నేర్చుకుంటున్నాడు. నేలను కంప్యూటరులో పటంగా చూసే విద్య అది. ఉపగ్రహం పంపిన ఎత్తుపల్లాలు తెర మీద చిన్న చిన్న గళ్ళుగా ఉంటాయి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు. ఇక్కడ కురిసిన వాన ఎటు పోతుందని అడిగితే, కంప్యూటరు గడి నుంచి గడికి దిగుతూ వాగు గీత గీసి చూపిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. దారిలో గుంట తగిలితే గీత అక్కడే ఆగిపోతుంది. ఉపగ్రహం కొలతల్లో పొరపాటున పడ్డ గుంటలు కొల్లలు గనుక, ముందు గుంటలన్నీ పూడ్చుకోవాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. దానికి పలుగూ పారా అక్కర్లేదు, ఒక్క మీట నొక్కితే చాలు.

కుళ్ళాయప్ప నొక్కాడు. కొండ మీంచి పెద్ద ఊరి చెరువు దాకా గీత ఎక్కడా తెగకుండా పారింది. ఆ గీత వెంబడే చెరువుకు కాలువ తవ్వాలని నీటిపారుదల కార్యాలయం వారి ఆలోచన. సోమవారానికి పటం పంపమన్నారు, అందగానే యంత్రాలు దింపుతామన్నారు. పంపేముందు ఒకసారి కళ్ళతో చూసి వద్దామని కుళ్ళాయప్ప బయల్దేరాడు. చూడకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

గీత సరిగ్గా ఓ కుంట నడుమగా పోయింది. కుంటలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, చుట్టూ గొర్రెలు తాగుతున్నాయి. కట్ట మీద కూర్చున్న ఈరమ్మ అనే కాపరి అతని చేతిలో పటం చూసి, "ఏం నాయనా, కాలవంట గదా. యాడ తవ్వుతారు?" అని అడిగింది. ఆమె కూర్చున్న చోటే. కుళ్ళాయప్ప పటం మడిచి చంకలో పెట్టుకున్నాడు. కాలువ పడితే ఆ కట్ట తెగుతుంది, కుంట ఖాళీ అవుతుంది, ఎండాకాలం ఆ మందలకు గొంతు తడుపుకోవడానికి చుక్క ఉండదు. కంప్యూటరులో ఆ కుంటే లేదు. దాన్ని పూడ్చింది తానే.

తిరిగొచ్చి, పూడ్చిన గుంటలన్నీ మళ్ళీ తెరిచాడు. ఈసారి కుంట కనిపించింది గానీ వాగు కనిపించలేదు. గీత ముక్కముక్కలుగా తెగిపోయింది. తాను నడిచివచ్చిన చదునైన చేలల్లో కూడా గుంటలున్నాయంది కంప్యూటరు. పూడిస్తే కుంట పోతుంది, పూడ్చకపోతే వాగు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెర వంక చూసి చూసి, తాను కట్ట మీంచి చూసిన నీళ్ళు అసలు ఉన్నాయా లేవా అన్న అనుమానం కూడా పట్టుకుంది పాపం.

ఎటూ పాలుపోక మాస్టారి దగ్గరకు పోయాడు. "సార్, వీటిల్లో ఏది నిజం గుంట, ఏది అబద్ధం గుంట? ఎట్ల తెలుస్తాది సార్?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. "మన విభాగం ఎనకాల బండలు పరిచిన పెరడుంది గదా. కొలిచి పటం చేసుకోని రాపో."

కుంట సంగతి అడిగితే పెరడు కొలవమంటారేమిటో కుళ్ళాయప్పకు బోధపడలేదు. అయినా ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం మోసుకుపోయి, ఎండలో కొలతకర్ర నిలిపి కొలిచి, పటం తెచ్చాడు. అందులో రెండు గుంటలు తేలాయి. గోడ వారన ఒకటి, బాగా లోతు. సైకిళ్ళ షెడ్డు ముందర ఇంకొకటి, ఉందా లేదా అన్నట్టుంది. ఈసారి తెలివిగా లోతైనదాన్ని ఉంచి రెండోదాన్ని పూడ్చేశానని చెప్పాడు. మాస్టారు అతన్ని వెంటబెట్టుకుని పెరట్లోకి నడిచారు. పెరటి పైవైపు కుళాయికి పైపు తగిలించి నీళ్ళు వదలమన్నారు.

నీళ్ళు గోడ వారకు పోయి, అక్కడ ఆగకుండా ముందుకు సాగాయి. కొలిచేటప్పుడు ఆ చోట రెండు బండల సందులో కొలతకర్ర దిగబడిందే తప్ప గుంటా లేదు, గింటా లేదు. మెల్లగా షెడ్డు ముందరకు చేరిన నీళ్ళు మాత్రం అక్కడే నిలిచిపోయాయి. నీడలో పడుకున్న కళాశాల కుక్క ఒళ్ళు విరుచుకుని లేచివచ్చి తాగసాగింది.

"అంటే సార్, లోతైనవి పూడ్చి, లోతులేనివి ఉంచాలనా?" అన్నాడు కుళ్ళాయప్ప.

మాస్టారు నవ్వారు.

"మరి రూలేంది సార్? సోమవారం పటం పోవాల!"

"ముందు దాన్ని తాగనియ్యప్పా" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ పల్లాన్ని ఇంజనీరు ఎట్లా ఎరగాలో సామెతా చెప్పలేదు, మాస్టారూ చెప్పలేదు. కుక్క తాగి వెళ్ళిపోయినా కుళ్ళాయప్ప పైపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అతనికి ఏమర్థమైందో అతనికే తెలియదు. ఈ కథ ఇందరికి చెప్పిన నాకే ఇప్పటికీ సగం తికమకగా ఉంటుంది. మర్నాడు అతను కళాశాలకు రాలేదు. నీళ్ళసీసా, పటం పట్టుకుని కొండ దిక్కుగా నడిచిపోయాడని స్నేహితులు చెప్పారు.

సోమవారం కార్యాలయం నుంచి ఫోను వచ్చింది, పటమేదీ అని.

"మావాడు గుంటలు చూసేదానికి పోయినాడు. చూసినాక పంపుతాడు" అన్నారు మాస్టారు.

అవతలి అధికారికి విసుగొచ్చింది. "గుంటల కోసం ఎండనబడి పోవాలా సార్? ఒక్క మీట నొక్కితే అన్నీ పూడిపోతాయి గదా!"

"పూడిపోతాయి" అన్నారు మాస్టారు. "అందుకే పోయినాడు."