సన్నవీపు సంబంధం

కొండ కింద తుమ్మచెట్ల మధ్య ఒక పందుల దొడ్డి ఉండేది. అక్కడి గోలకి పక్క పొలంలో మేసే ఎద్దులు సైతం విసుక్కునేవి. ఇప్పుడు ఆ దొడ్డిలో గాలి చప్పుడు తప్ప మరేమీ వినపడదు. అదెలా జరిగిందో చెబుతాను.

ఆ దొడ్డిలో శనివారమంటే భయం. ఆసామి వచ్చి ఒక్కో పంది వీపు మీద బొటనవేలు పెట్టి నొక్కేవాడు. వేలు మెత్తగా దిగిందా, ఆ పంది సంత బండెక్కేది. గట్టిగా కండ తగిలిందా, మంచి జాతని దొడ్డిలోనే ఉంచుకోవడానికి చెవికి ఎర్రరంగు పూసి వదిలేసేవాడు. బండెక్కినవి తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

పున్నమ్మ అనే పడుచు పంది మొదటి ఈతలోనే పదకొండు పిల్లల్ని కన్నది. అవి పెరిగాక, ఒక్క శనివారమే అందులో తొమ్మిది బండెక్కి పోయాయి. కంచె దగ్గర కూలబడి ఏడుస్తుంటే నక్క వచ్చింది.

"ఊరుకో కోడలా. తప్పు నీది కాదు, నువ్వు చేసుకున్న సంబంధానిది. ఆ నల్ల పోతుపంది పొట్ట చూడు, నేల రాస్తోంది. వాడికి పుట్టినవాళ్ళు బండెక్కక ఏం చేస్తారు?"

"మరేం చెయ్యమంటావు మామా?"

"తెల్ల పోతు కండలయ్య ఉన్నాడుగా! వాడి వీపు నొక్కితే ఆసామి వేలే నొప్పెడుతుంది. పిల్లలూ అలాగే పుడతారు. నీ కళ్ళ ముందే ఉంటారు."

నక్క ఆలోచన వేరు. సన్నటి పిల్లలైతే కంచె సందుల్లోంచి బయటికి దూరొస్తాయి. బయట తను కూర్చుని ఉంటుంది.

మూలన పడుకున్న ముసలి పంది కాటుకమ్మ తలెత్తింది. "ఒసే పున్నీ, వీపు మీదున్నది ఉత్త కొవ్వనుకున్నావా? పాలిచ్చే రోజుల్లో మనం తినే తిండి చాలదే. ఆ వీపు కరిగే పాలవుతుంది. అది లేనివాళ్ళు పిల్లలకేం పోస్తారు?"

"పోయిన తొమ్మిదింటినీ నువ్వు తెచ్చిస్తావా పెద్దమ్మా?"

కాటుకమ్మ తల మళ్ళీ నేలకి ఆనించింది. పాపం, ఆ తల్లిని ఎవరు మాత్రం తప్పుపడతారు!

నక్క మాట దొడ్డంతా పాకింది. ఆ రోజు నుంచి ఒక్క ఆడపంది కూడా నల్ల పోతు మొహం చూడలేదు. దండగమారివాడని ఆసామి వాడినీ బండెక్కించాడు.

మొదట్లో అంతా సంబరమే. పుట్టినవన్నీ గట్టి వీపులు, చెవులన్నీ ఎరుపు. బండి ఖాళీగా వెళ్ళేది. కంచె సందుల్లోంచి జారిన నాలుగు పిల్లలతో నక్క కూడా పండగ చేసుకుంది. తర్వాత పున్నమ్మ కూతురు ఏడింటినే కన్నది. మనవరాలు ఎదకు రావడానికే ఏడాది పట్టింది. అది కన్న మూడు పిల్లలూ తల్లి రొమ్ముల్లో పాలు లేక చచ్చిపోయాయి. మునిమనవరాలు ఎదకే రాలేదు. గోల కొంచెం కొంచెంగా తగ్గడంతో ఎవరూ పట్టించుకోలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం, ఆకలితో కంచె పక్కన పడున్న నక్కకి లోపల్నుంచి చప్పుడు వినిపించింది. ఊఁ... ఊఁ... ఊఁ... తల్లిపంది పిల్లల్ని పాలకు పిలిచే మూలుగు. నక్క నోరూరింది. ఆకలికి చిక్కిపోయిన ఒంటితో సందులోంచి లోపలికి దూరింది.

ఆడపందులన్నీ వరసగా, ఒకే పక్కకి ఒరిగి, రొమ్ములు ఎండకు పెట్టి పడుకుని పిలుస్తున్నాయి. ఏ రొమ్ము దగ్గరా పిల్ల లేదు. దుమ్ములో ఒక్క చిన్న గిట్ట జాడ లేదు. అయినా పిలుస్తూనే ఉన్నాయి.

నక్క వెనక్కి అడుగేసింది. వెనకాలున్న కండలయ్యకి తోక తగిలింది. అంతే, ఆ ఉలికిపాటుకే అంత కండా గడగడ వణికి, నోట నురగ కక్కి, కండలయ్య నిలువునా పడి చచ్చాడు. నక్క పన్నైనా తగలలేదు.

'పోనీలే, ఇదైనా దక్కింది' అనుకుని కొరికింది. తెల్లగా పాలిపోయిన మాంసం. నమిలితే నీళ్ళే కారాయి. ఎంత మింగినా రుచి లేదు, ఆకలి తీరలేదు.

మూలుగు ఆగిపోయింది. నక్క తలెత్తి చూసింది. అన్నీ దాన్నే చూస్తున్నాయి.

"వచ్చావా మామా?" అంది పున్నమ్మ, మెల్లగా. "సంబంధం చెప్పింది నువ్వే కదా. పిల్లలేవీ?"

"పిల్లలేవీ మామా?" అన్నాయి అన్నీ. ఆ గొంతుల్లో కోపం లేదు. నక్కకి భయమేసింది అందుకే.

"నల్ల పోతుని... నల్ల పోతుని పిలుచుకోండి!"

"ఏడీ?" అంది మూలనుంచి కాటుకమ్మ.

నక్క ఒళ్ళు గీరుకుపోతున్నా చూసుకోకుండా కంచెలోంచి పడుతూ లేస్తూ పారిపోయింది. మళ్ళీ ఆ కొండ వైపు రాలేదు.

శనివారం ఆసామి వచ్చాడు. ఒక్కో వీపూ నొక్కాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. పిల్లలు లేరన్న సంగతి ఆ వేలికి తెలియదు. సంతోషంగా అన్ని చెవులకీ ఎర్రరంగు పూసి వెళ్ళాడు.

నీతి: ఒక్క గుణం కోసమే జత కట్టిన చోట, మిగతా గుణాలు చెప్పకుండా వెళ్ళిపోతాయి.