నక్క మాష్టారు చెప్పిన ప్రశ్న

ఏటికి అవతల అడవి, ఇవతల పాడి ఆవరణ. ఆ ఆవరణలో పాలు చల్లబరిచే మిషను మొదలుకుని కోళ్ళ షెడ్డు గేటు దాకా అన్నీ కంప్యూటర్ల మీదే నడుస్తాయి. వాటిని కలిపే తీగలూ పెట్టెలూ చూసుకునేది అక్కడి జంతువులే. ఆసామి పెట్టిన నియమం ఒక్కటే. పాలో గుడ్లో ఇవ్వాలి, లేదా పనైనా రావాలి. రెండూ లేకపోతే శనివారం సంత. సంతకు వెళ్ళిన గొడ్డు ఏమైందో తిరిగొచ్చి చెప్పిన గొడ్డు ఇంతవరకూ లేదు.

నీలవేణి అనే గేదెకు ఆ ఏడు పాలు ఎండిపోయాయి. వయసులో ఉండగా నెట్‌వర్కింగ్ చిన్న పరీక్ష పాసయింది గాని, ఇప్పుడు దాన్ని అడిగేవాడు లేడు. పెద్ద పరీక్ష పాసైతేనే తీగల గదిలో ఉద్యోగం. పరీక్ష శుక్రవారం. ఆ మర్నాడే సంత.

పగలంతా చదివేది, రాత్రంతా నెమరు వేసేది. తెల్లారేసరికి గడ్డి అరిగేది గాని చదువు మాత్రం గొంతులోనే ఉండిపోయేది.

"ఏమొదినా, ఇంకా బుర్రకెక్కలేదా? దున్నపోతు మీద వాననుకున్నాను, గేదె మీదైనా అంతేనన్నమాట!" అంది కోడిపెట్ట ముత్యాలు. రోజూ పొద్దున్నే నీలవేణి వీపెక్కి గోమార్లు ఏరిపెట్టేది అదే.

"నవ్వవే, నవ్వు. నీకేం? రోజూ గుడ్డు పెడతావు. నీ ఉద్యోగం నీ పొట్టలోనే ఉంది. నాది ఎండిపోయింది."

ముత్యాలు ముక్కు ఆపింది. "అట్లా అనకు వదినా. నీ వీపు లేకపోతే నేను ఎక్కడ కూర్చునేది?"

ఆ మధ్యాహ్నమే కంచె అవతల గుంటనక్క గురునాథం కనపడ్డాడు. పెద్ద పరీక్ష ఎప్పుడో పాసైనవాడే. నక్కకి తాళాలిచ్చేవాడెవడు? అందుకని ఉద్యోగం దొరక్క ఊరూరా పాఠాలు చెప్పుకుంటున్నాడు. ముందు కాళ్ళు జోడించి తల వంచాడు.

"అక్కా, విన్నాను నీ కష్టం. కళ్ళనీళ్ళొచ్చాయి. పాఠం నేను చెబుతాను, కంచె దాటి రాను. ఇక్కడే కూర్చుంటాను."

"జీతం ఇచ్చుకోలేను మాష్టారూ."

"జీతమా! అక్క దగ్గర జీతం పుచ్చుకుంటే పురుగులు పడి పోతాను."

వీపు మీంచి ముత్యాలు రెక్కలు టపటపా కొట్టుకుంది. "నక్క ఊరికే చెబుతోందంటే నాకు ఒళ్ళంతా ఈకలు లేస్తున్నాయి వదినా!"

"నీకు ఎప్పుడూ లేచే ఉంటాయి. ఊరుకో," అంది నీలవేణి. దిక్కులేనిదానికి దగ్గరికొచ్చినవాడే దేవుడు.

చెప్పొద్దూ, నక్క పాఠం బాగానే చెప్పాడు. "చీమల బారు చూళ్ళేదూ అక్కా? మధ్యలో పుల్ల అడ్డం పెడితే ఏం చేస్తాయి? పక్కనుంచి దారి వెతుక్కుంటాయి. కంప్యూటర్ల మాటా అంతే. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి. ఆ దారులు చూపించే పెట్టె రౌటరు. బయటివాడి మాట లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడి ఆపేది ఫైర్‌వాల్. ఏదీ, చెప్పు?"

నీలవేణి చెప్పింది. తప్పులేకుండా చెప్పింది! ఇన్నాళ్ళకి చదువు గొంతు దిగిందని దాని కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వారమంతా మాష్టారి మాట దానికి పచ్చగడ్డిలా ఉంది.

గురువారం సాయంత్రం నక్క గొంతు తగ్గించాడు. "అక్కా, ఇక ఒక్కటే ఉంది. రేపు తప్పకుండా వచ్చే ప్రశ్న. బయటివాడు గేటు దాటి లోపలికొచ్చాడు, ఏ పెట్టె దగ్గర సందు పడిందో పట్టుకుని మూయమంటారు. ఇది రాకపోతే నా చెవులు కోయించుకుంటాను."

"అయితే చెప్పండి మాష్టారూ!"

"నోటితో చెబితే వచ్చేది కాదు. ఈత గట్టుమీద నేర్చుకుంటారా? సందు ఎట్లా పడుతుందో నీ చేత్తో నువ్వు చేస్తే, మూయడం దానంతటదే వస్తుంది. కోళ్ళ షెడ్డు గేటు ఉందిగా, చిన్నది. బయటినుంచి మాట చెబితే తెరుచుకునేట్టు దాని ఫైర్‌వాల్‌లో ఒక్క సందు పెట్టు."

నీలవేణి గిట్ట ఆగింది. "నిజం గేటా?"

"ఉత్తుత్తి గేటు మీద నేర్చుకున్నది ఉత్తుత్తిగానే ఉంటుంది. భయమైతే మానెయ్యి అక్కా. శనివారం నేనొచ్చి దణ్ణం పెట్టి సాగనంపుతాను."

ఆ మాటతో నీలవేణి లేచింది. పరీక్షకి చదివేవాళ్ళ కోసం తెరిచి ఉంచిన తీగల గదిలోకి వెళ్ళి, చెప్పింది చెప్పినట్టు చేసింది. గిట్టలకి తగ్గ పెద్ద మీటలు టకటకమన్నాయి. సందు పడింది.

"భేష్! ఇక మూయడం రేపటి పాఠం. తెల్లవారి పరీక్షకి వెళ్ళేముందు చెబుతాను. వేడివేడిగా గుర్తుంటుంది."

"రాత్రంతా తెరిచే ఉంచడమా?"

"దాని సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?" అన్నాడు నక్క. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. గేదె మాత్రం తక్కువ తిందా?

తెల్లవారింది. మాష్టారు రాలేదు. ముత్యాలు కూడా వీపెక్కలేదు. చదువుకుంటున్నానని అల్లరి మానుకుంది కాబోలు, పాస్ అయ్యాక దానికి నూకలు పెట్టించాలి అనుకుంటూ నీలవేణి తీగల గదికి నడిచింది.

పరీక్ష పెట్టేవాడు ఏటి పైనుంచి వచ్చిన ముసలి కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు తెరవకుండానే ప్రశ్న చదివాడు.

"బయటి జంతువొకటి గేటు దాటి ఈ ఆవరణలోకి వచ్చింది. ఎక్కడ సందు పడిందో పట్టుకో. మూసెయ్యి. సాయంత్రం దాకా గడువు."

నీలవేణి చెవులు రిక్కించింది. అదే ప్రశ్న! మాష్టారూ, నీ కడుపు చల్లగుండా అనుకుంది. ఇంకే పెట్టె వైపూ చూడలేదు. సరాసరి కోళ్ళ షెడ్డు ఫైర్‌వాల్ దగ్గరికి వెళ్ళింది. నిన్న చేసినదాన్ని వెనక్కి తిప్పింది. సందు మూసుకుంది.

"అయిందయ్యా!"

కొంగ కన్ను తెరిచాడు. "అప్పుడేనా? పొద్దున్నించీ ఈ పెట్టెలన్నీ వెతుకుతున్నాను, నాకే దొరకలేదు. నువ్వు వెతకనే లేదేం?"

"వెతకడమెందుకయ్యా. ఇదే వస్తుందని మా మాష్టారు ముందే చెప్పారు. నిన్న నా చేతే తెరిపించి..."

కొంగ రెండో కాలు కూడా కింద పెట్టాడు.

"తల్లీ, ఇది కల్పించిన ప్రశ్న కాదు. తెల్లవారుజామున కోళ్ళ షెడ్డు గేటు తెరుచుకుంది. లోపల ఈకలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ గేటుకి మాట ఏ పెట్టె గుండా చేరిందో తెలీక, పరీక్షకొచ్చినవాళ్ళనే అడుగుదామనుకున్నాను."

నీలవేణి వీపు మీద ఈగలు ముసిరాయి. తోకైనా ఆడించలేదు.

"ముత్యాలు?" అంది చివరికి.

కొంగ తల వంచుకుని కాగితం మీద మార్కులు వేశాడు.

"మార్కులన్నీ వేశాను," అన్నాడు. "నువ్వు పాసయ్యావు. ఇంత తొందరగా ఎవరూ చెయ్యలేదు. కాని తల్లీ, తాళం తీసి పెట్టినదాని చేతికి తాళాలు ఇమ్మని ఆసామితో నేను ఏ నోటితో చెప్పేది?"

"చెప్పొద్దులెండి," అంది నీలవేణి.

శనివారం పొద్దున్నే లారీ వచ్చింది. పలుపు పట్టి లాగకుండానే నీలవేణి ఎక్కింది. ఏటిగట్టు మలుపులో గురునాథం నీడలో కూర్చుని మూతి నాక్కుంటున్నాడు. లారీని చూసి లేచి, అన్న మాట ప్రకారం చక్కగా దణ్ణం పెట్టాడు.

"ఏం అక్కా! నే చెప్పిన ప్రశ్నే వచ్చిందా, లేదా?"

నీలవేణి లారీ చెక్కకేసి తల తిప్పుకుంది. నెమరు వేయడానికి దాని నోట్లో ఒక్క గడ్డిపరకైనా లేదు.

నీతి: దారి తెరవడం నేర్పుతానని వచ్చినవాణ్ణి, ఆ దారిన నడిచేది ఎవరని ముందు అడగాలి.