ఐదో గడప

శరభయ్యది మెత్తని మనసు. ఎవరినీ నొప్పించలేడు. అందుకే ఏ మఠానికి వెళ్లినా అక్కడి గురువుతో "తమరినే మొదట అడుగుతున్నాను స్వామీ" అనేవాడు.

ఆ రోజుల్లో చదువు కావాలంటే కాళ్లకు పనిచెప్పాలి. ఒక్క మఠంలోనే అడిగితే పొగరనుకుంటారు, పదింట్లో అడిగితే సిగ్గులేదనుకుంటారు. గానుగెద్దు వెనకే తిరుగుతూ నెల్లాళ్లు ఆలోచించి, చివరికి ఏడు మఠాలు చాలనుకున్నాడు. ఎవరూ చేర్చుకోకపోతే బతుకంతా ఆ ఎద్దు వెనకే.

నాలుగు చోట్ల పొమ్మన్నారు. ఐదోది మరుళయ్య స్వామి మఠం.

"ఇంకెక్కడ అడిగావు నాయనా?"

"ఎక్కడా లేదు స్వామీ. తమరినే మొదట."

స్వామి భిక్షాపాత్ర అందుకున్నాడు. "భిక్షకు వేళయింది, రా" అని లేచాడు.

మూడిళ్లు తిరిగారు. నాలుగో ఇంటి ముందు బియ్యం చెరుగుతున్న ఆవిడ చేట పక్కన పెట్టింది. "ఎన్నిళ్లయ్యాయి స్వామీ?"

'మీదే మొదటిది తల్లీ' అంటాడనుకున్నాడు శరభయ్య. తనైతే అదే అనేవాడు.

స్వామి పాత్ర వంచి చూపించాడు. "మూడమ్మా. మొదటింట జొన్నరొట్టె, రెండో ఇంటా జొన్నరొట్టే. మూడో ఇంట్లో పొయ్యి వెలిగించలేదన్నారు."

"అయ్యో, నేనూ రొట్టే తెచ్చేదాన్ని కదా! ఒట్టి రొట్టెలు గొంతు దిగుతాయా?" లోపలికెళ్లి గోంగూర పచ్చడీ, ఇంత వెన్నముద్దా తెచ్చి వేసింది. "ఈ పిల్లగాడెవరు, కొత్త శిష్యుడా?"

"ఇంకా తెలీదు తల్లీ."

వీధి మలుపులో శరభయ్య ఆగిపోయాడు.

"స్వామీ... తమరు ఐదోవారు. ఇంకా రెండు మఠాలున్నాయి."

స్వామి ఓ అరుగు మీద కూర్చుని, రొట్టె విరిచి వెన్న రాసి సగం అతని చేతిలో పెట్టాడు.

"సరే. ఆ నలుగురూ నీ పాత్రలో ఏం వేశారో చూపించు."

మిగతా రెండు మఠాలు ఎలా ఉంటాయో శరభయ్య ఈనాటికీ చూడలేదు. ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. స్వామి లేరు, ఆ అరుగూ లేదు. ఆ వెన్న రుచి మాత్రం నాలుక మీద అలాగే ఉంది.

చదువుకని వచ్చే కుర్రాళ్లు ఈ రోజుల్లో ఏదీ దాచరు. "మీది తొమ్మిదోది స్వామీ, ఇంకా మూడున్నాయి" అని మొహం మీదే చెబుతారు. అలాంటివాళ్లనే ఆయన చేర్చుకుంటాడు.

అయినా, ఒక్కడైనా వచ్చి "తమరినే మొదట" అని అబద్ధమాడితే బాగుండునని లోపల ఉంటుంది. ఆ ఆశ చంపుకోవడం ఆయనకింకా రాలేదు.