ఇద్దరు తండ్రుల రాయి

ఒకానొక రాజ్యం అనగానే మీరు పెద్దగా ఊహించుకునేరు. అంత లేదు. కోటగుమ్మంలో ఏనుగు నిలబడితే తోక ఈ రాజ్యంలో, తొండం పొరుగు రాజ్యంలో ఉంటుందని జనం నవ్వుకునేవాళ్లు. రాజ్యం ఎంత చిన్నదో రాజుగారి బిరుదులు అంత పొడుగు. ఆయన పేరు విరూపాక్ష మల్లభూపతి. పొద్దున్నే కళ్లు తెరిచేసరికి భట్రాజు మంచం పక్కన నిలబడి, సూర్యభగవానుడి దగ్గర మొదలుపెట్టి రాజుగారి వంశావళి చదవాలి. అది పూర్తయితే గానీ ఆయన పందుంపుల్ల నోట పెట్టరు.

ఆ కొలువులో పొలిమేర ఇన్నయ్య అని ఒక మాటకారి ఉండేవాడు. క్రీస్తును నమ్ముకున్న ఇంటివాడు. పని అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు, రాజుగారిని నవ్వించటమే పని. ఇప్పుడు మీరు వినబోయేది మాత్రం అతనికి నవ్వు రాని రోజుల సంగతి.

ఆ యేడు వానలకు విషజ్వరం తగిలి ఇన్నయ్య భార్య రాయమ్మ పోయింది. కోటకు తూర్పున, ఏటి వరద అందని ఎత్తు మీద ఒక దిబ్బ. దాని మీద తాటాకుల ప్రార్థనశాల, వెనక సమాధులు. అక్కడే మట్టి చేశారు. రాయమ్మను కన్న గాదె చిన్నప్ప, ఇన్నయ్య తండ్రి శౌరయ్య, ముసలివాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి "నా కూతురు, నా కూతురు" అని గుండెలు పగిలేలా ఏడ్చారు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, వెంటనే తగవుకు దిగారు. సిలువ మీద ఎవరి పేరు రాయాలి?

"కన్నది నేను. 'గాదె చిన్నప్ప కూతురు' అని రాయాలి," అన్నాడు చిన్నప్ప.

"బావా, పెళ్లినాడే ఇంటిపేరు మారింది. నా ఇంట్లో దీపం పెట్టింది, మూడేళ్లు మంచాన పడితే నాకు గంజి పట్టింది. కోడలని ఏనాడైనా పిలిచానా? నా కూతురు. నా పేరే రాయాలి," అన్నాడు శౌరయ్య.

మాట మీద మాట పెరిగింది. చివరికి ఏ పేరూ రాయలేదు. ఉత్త సిలువ పాతి వచ్చారు. ఒక మాట అడిగితే పది మాటలు చెప్పే ఇన్నయ్య ఆ రోజు ఒక్కటీ మాట్లాడలేదు.

కొలువు కొలువే కదా. మైల తీరగానే వెళ్లాడు. రాజుగారు దిండుకు ఆనుకుని, "మీ పాదిరి ఇచ్చిపోయిన పుస్తకంలో వంశావళి ఉందటగా. చదువు, విందాం," అన్నారు.

ఇన్నయ్య మత్తయి సువార్త తెరిచాడు. అబ్రాహాము కొడుకు ఇస్సాకు, ఇస్సాకు కొడుకు యాకోబు, అలా దిగి దిగి వస్తే చివర మరో యాకోబు, ఆయన కొడుకు యోసేపు, యోసేపు ఇంట క్రీస్తు. రాజుగారు తల ఊపారు. "భేష్! మీవాళ్లకూ వంశం విలువ తెలుసు."

మర్నాడు లూకా సువార్త. అది కింద నుంచి పైకి ఎక్కుతుంది. యోసేపు హేలీ కొడుకు, హేలీ మత్తతు కొడుకు...

రాజుగారు దిండు వదిలి లేచి కూర్చున్నారు. "ఆగక్కడ. నిన్న యోసేపు తండ్రి యాకోబు అన్నావు. ఇవాళ హేలీ అంటున్నావు."

"దావీదు దాకా రెండూ ఒకటే ప్రభూ. అక్కడ దారి చీలింది. ఒకరు ఆయన కొడుకు సొలొమోను మీదుగా వచ్చారు, ఒకరు ఇంకో కొడుకు నాతాను మీదుగా వచ్చారు."

"దారి చీలితే చీలనీవయ్యా. తండ్రి చీలుతాడా?"

కొలువంతా గొల్లుమంది. వేరే రోజయితే ఇన్నయ్య ఆ నవ్వును బంతిలా పట్టి తిరిగి విసిరేవాడు. ఆ రోజు చేతులు లేవలేదు.

రాజుగారి మనసులో అప్పటికే ఒక కోరిక ఉంది. వరదకు ఏనుగుశాల కూలి ఏనుగు వానలో నిలబడింది. ఊళ్లో నీళ్లెక్కని చోటు ఆ దిబ్బ ఒక్కటే. సాకు ఇప్పుడు దొరికింది.

"ఇద్దరు తండ్రులను చెప్పే పుస్తకానికి నా రాజ్యంలో ఇల్లెందుకు? నిండు కొలువునాటికి యోసేపు తండ్రి ఎవరో ఒక్క పేరు తేల్చి చెప్పు. తేలిస్తే దిబ్బ మీది. తేల్చలేకపోతే అది చదును చేయించి ఏనుగుశాల కట్టిస్తా. సమాధుల్లో ఏముంటే అది ఎత్తి ఏట్లో కలుపుతారు."

చూశారా అమ్మా, మాట ఎంత తేలిగ్గా అనేశారో! ఆ సమాధుల్లో రాయమ్మ ఉందని రాజుగారికి తెలుసో, తెలిసీ మరిచారో.

ఇన్నయ్య సాయంత్రం ఉపదేశి దేవసహాయం గారి దగ్గరకు వెళ్లి అడిగాడు.

"పెద్దలు రకరకాలుగా చెప్పారు నాయనా," అన్నారాయన. "అన్న పిల్లలు లేకుండా పోతే తమ్ముడు వదినను చేసుకుని, పుట్టినవాణ్ణి అన్న కొడుకుగా నిలబెట్టే ఆచారం వాళ్లది. అందుకే ఇద్దరు తండ్రులన్నారు కొందరు. హేలీ మరియమ్మ తండ్రి, ఇల్లరికపుటల్లుడు గనక యోసేపును కొడుకుగా రాశారన్నారు ఇంకొందరు."

"ఇందులో ఏది నిజం?"

"దేవుడికే తెలుసు."

"ఒక రోగానికి రెండు మందులు చెప్పారంటే రోగం తెలియలేదన్నమాట," అని లేచాడు ఇన్నయ్య. అది హాస్యమే. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు.

దిబ్బ ఎక్కి రాయమ్మ దగ్గర కూర్చున్నాడు. మట్టి ఇంకా పూర్తిగా అణగలేదు. అతణ్ణి తినేస్తున్నది ఏనుగుశాల ఒక్కటే కాదు. పుస్తకం మొదటి పుటలోనే తప్పుంటే, చివరి పుటల్లో ఉన్న మాట మాత్రం నిజమని ఏమిటి? చనిపోయినవాళ్లు లేస్తారని, కన్నీళ్లన్నీ దేవుడే తుడుస్తాడని. ఆ మాట మీదే కదా ఈమెను ఇక్కడ పడుకోబెట్టి ఇంటికి వెళ్లాడు. అది కూడా తప్పయితే రాయమ్మ మట్టిలో ఉంది, అంతే. ఇక ఏమీ లేదు.

ప్రార్థన చేద్దామని చేతులు జోడించాడు. మాట రాలేదు. నోరు నమ్ముకుని బతికినవాడికి దేవుడి దగ్గర నోరు పెగలకపోవటం ఎంత కష్టమో ఆలోచించండి.

ఎదురుగా ఉత్త సిలువ. ఏ పేరూ లేని సిలువ. నా కూతురని ఒకరు, నా కూతురని ఒకరు. ఇద్దరూ పట్టుబట్టి, ఇద్దరూ ఏడ్చి, చివరికి ఆమెను ఎవరి పిల్లా కాకుండా చేశారు. ఇన్నయ్యకు ముసలివాళ్ల మీద కోపం వచ్చింది. కోపంలోనే ఒక ప్రశ్న కూడా వచ్చింది. వాళ్లిద్దరిలో అబద్ధం చెప్పింది ఎవరు?

ఎవరూ చెప్పలేదు.

అలాగే కూర్చుండిపోయాడు. వెనకటి సంగతి ఒకటి కదిలింది. రాయమ్మ పోవటానికి కొన్నాళ్ల ముందు రాజుగారూ తానూ చదరంగం ఆడుతుంటే ఏటి అవతలి పాలెం నుంచి ఒక మనిషి వచ్చి, "కోనప్పగారు పోయారు ప్రభూ," అన్నాడు. "ఎవరో దూరపు చుట్టం. నువ్వు ఎత్తు వెయ్యవోయ్," అన్నారు రాజుగారు. ఆ తరవాతి ఎత్తులో తన మంత్రిని తానే తీసుకొచ్చి ఇన్నయ్య భటుడి నోట్లో పెట్టారు. కోనప్ప ఎవరో కొలువులో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఇన్నయ్య ఏరు దాటి పాలెం వెళ్లాడు. మట్టిగోడల ఇల్లు. గడపలో ఒక ముసలమ్మ చేటలో కందులు ఏరుతోంది. కోనప్ప భార్య, గంగమాంబ. కోట మనిషినని చెప్పి, కోనప్పగారి తాతముత్తాతల పేర్లు కావాలన్నాడు.

"ఎందుకు నాయనా మా పేర్లు? మా దొరకు ఇంతకంటే పెద్ద పేర్లు ఉన్నాయిగా," అంది. అంటూనే వరసగా చెప్పింది. చెప్పటం అయ్యాక చేట పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నం సరిగ్గా తింటున్నాడా? చిన్నప్పుడు పెరుగు లేనిదే ముద్ద ఎత్తేవాడు కాదు." ఆ మాట తనకే తప్పుగా తోచిందేమో, "దొరగారు తింటున్నారా అని," అని సర్దుకుంది.

"తింటున్నారమ్మా."

"ఆయన పోయిన కబురు అందిందా?"

"అందిందమ్మా."

"అందితే చాలు. దత్తు పోయినవాడికి కర్మ చేసే హక్కు లేదన్నారు. సరే. కబురైతే అందింది."

తిరిగి వస్తూ ఇన్నయ్య ఏటి మధ్యలో ఆగిపోయాడు. తను చేయబోయేది చమత్కారమా, పచ్చిపుండు మీద వేలు పెట్టటమా? రాయమ్మ సమాధిని కాపాడుకోవటానికి ఇంకొకరి సమాధి తవ్వాలి. వేరే దారి కనబడలేదు.

నిండు కొలువు తీరింది. రాజుగారు మీసం దువ్వి, "ఏమోయ్, తేలిందా?" అన్నారు.

"తేలలేదు ప్రభూ. ఓడిపోయాను. దిబ్బ తమరిదే."

రాజుగారి ముఖం వెలిగింది.

"ఒక్క మనవి. ఈ న్యాయం నా ఒక్కడికే అయితే రాజుగారు పీనుగుల మీద కక్ష కట్టారంటారు జనం. అందరికీ వర్తించేలా శాసనం చేయిస్తే ఏలినవారి కీర్తికి మచ్చ ఉండదు."

"బుద్ధిమంతుడివి! రాసుకోండి. ఎవడి వంశావళి రెండు విధాలుగా చెబుతారో, ఎవడికి ఇద్దరు తండ్రుల పేర్లు వినబడతాయో, వాడికి ఈ రాజ్యంలో జానెడు నేల మీద కూడా హక్కు లేదు."

"దండోరా వేయించమంటారా?"

"వేయించు!"

బయట డప్పు మోగింది. ఇన్నయ్య చేతులు కట్టుకున్నాడు. "శాసనం పుట్టిన శుభవేళ. ఏలినవారి వంశం ఒకసారి వింటే మంగళం."

భట్రాజు గొంతు సవరించుకుని సూర్యుడి దగ్గర ఎత్తుకున్నాడు. దిగి దిగి సింహమల్లుడి దగ్గరకు వచ్చాడు. ఆయన పెద్దకొడుకు రుద్రమల్లుడు, అక్కడి నుంచి మరి కొందరు, చివర వీరమల్లభూపతి, ఆయన కుమారుడు విరూపాక్ష మల్లభూపతి, జయ విజయీభవ!

"భట్రాజుగారు కొండ దిగారు," అన్నాడు ఇన్నయ్య. "నేను ఎక్కుతాను." గద్దె వైపు ఒక అడుగు వేశాడు. "విరూపాక్షుడు కోనప్ప కొడుకు."

కొలువులో తలలన్నీ రాజుగారి వైపు తిరిగాయి.

"కోనప్ప ముత్తప్ప కొడుకు. ముత్తప్ప గోపన్న కొడుకు. గోపన్న చినమల్లుడి కొడుకు. చినమల్లుడు సింహమల్లుడి రెండో కొడుకు. అక్కడి నుంచి సూర్యుడి దాకా భట్రాజుగారు వచ్చిన దారే ప్రభూ."

దివానుగారి చెయ్యి కత్తి మీదకు పోయింది. తల పోతే దిబ్బ మీద రాయమ్మ పక్కన చోటుందిలే అనుకున్నాడు ఇన్నయ్య. మరుక్షణమే ఆ దిబ్బే ఉండదని గుర్తొచ్చింది.

రాజుగారు చెయ్యెత్తి దివానును ఆపారు.

"ఆ మొదటి పేరు మళ్లీ చెప్పు."

"కోనప్ప."

"ఇంకోసారి."

"కోనప్ప, ప్రభూ."

"చిన్నప్పుడు నన్ను దత్తుగా ఈ కోటకు తెచ్చినరోజు నుంచి ఆ పేరు నా చెవిన పడనివ్వలేదు. నేనూ అనలేదు." గద్దె మీద ముందుకు వంగారు. "ఇన్నయ్యా, రెండింటిలో ఏది నిజం?"

"ఒకటి కన్న దారి, ఒకటి గద్దె ఎక్కించిన దారి. రెండు దారులూ వచ్చి ఆగింది మాత్రం ఒక్క ఉయ్యాల దగ్గరే. యోసేపు సంగతీ అటువంటిదే అయి ఉండాలి. ఎలాగో నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పను. ఒక్కటి తెలుసు. ఆ బిడ్డ యోసేపు కన్న బిడ్డ కాదని ఆ రెండు సువార్తలూ చెబుతాయి. కనకపోయినా చేయి పట్టుకుని నడిపించాడు. అంతమాత్రానికే ఆ పెంచినవాడి తాతముత్తాతలను రెండుసార్లు తలుచుకున్నారు ప్రభూ. పెంచినవాణ్ణీ తక్కువ చేయలేదు, కన్నవాళ్లనూ దాచలేదు."

రాజుగారు గద్దె వంక చూశారు. పెదవి ఒక మూల కదిలింది. "అయితే నా శాసనం ప్రకారం కోట నేనే ఖాళీ చేయాలన్నమాట!"

"ఏనుగుతో సహా ప్రభూ. పాపం, దానికి శాల ఎలాగూ లేదు."

అంతే. రాజుగారు నవ్వారు. కడుపు పట్టుకుని, కిరీటం జారేలా నవ్వారు. కొలువంతా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో దగ్గరున్న ఇన్నయ్యకు ఒక్కడికే తెలిసింది.

"శాసనం చింపండి. దిబ్బ వాళ్లదే," అన్నారు ఉత్తరీయంతో ముఖం తుడుచుకుని. "ఆ పాలెం వెళ్లావా? ఆమె ఏమంది?"

"తింటున్నారా అని అడిగింది. తింటున్నారని చెప్పాను. నిజమో కాదో తమరికే తెలియాలి."

"రేపు నేనే వెళ్లి చెబుతా. పెరుగన్నం పెట్టమంటా." తన చేతి కంకణం తీయబోయారు.

"కంకణం వద్దు ప్రభూ. ఒక రాయి ఇప్పించండి. రాయమ్మకు పేరు లేదు."

శాల కోసం రావలసిన ఏనుగు రాయి మోసుకుని దిబ్బ ఎక్కింది. ముసలివాళ్లిద్దరూ వచ్చారు. రాళ్లు చెక్కే మనిషి ఉలి పట్టుకుని, "ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద?" అన్నాడు. చిన్నప్ప, శౌరయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పక్కపక్కన," అన్నాడు ఇన్నయ్య.

అందరూ వెళ్లాక రాతి మీద చెయ్యి వేశాడు. రాయి వచ్చింది. రాయమ్మ రాలేదు. ఇల్లు అలాగే ఉంది, పొయ్యి అలాగే చల్లగా ఉంది.

"నాకింకా ఆ చిక్కు విడలేదు రాయమ్మా," అన్నాడు. "యాకోబో, హేలీయో. అక్కడికి వెళ్లాక నువ్వే కనుక్కుని చెప్పు. నీ కోసం ఇద్దరు తండ్రులు ఏడ్చారు. అది నా కళ్లతో చూశాను. ఏడ్చినవాళ్లిద్దరి పేర్లూ రాయటంలో మాత్రం అబద్ధం లేదు."

ఆ రోజు అతని నోట వచ్చిన ప్రార్థన అంతే.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది పోలేదు. ఆ దిబ్బ మీదే, రెండు పేర్ల రాయికి ఆనుకుని కూర్చుండిపోయింది.